బ్యాటిల్‌జోన్: ఊహాలోకపు ట్యాంకు సైనిక శిక్షణశాలకు చేరిన వైనం

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువును ఆంగ్ల పత్రాలు 'ఇబ్రహీంపట్నం ట్యాంక్' అని వ్యవహరిస్తాయి. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) పేరుతో ముడిపడిన ఈ జలాశయాన్నీ, తుపాకి గొట్టం గల ఉక్కు శకటాన్నీ ఒకే మాట సూచించడం కాకతాళీయం కాదు. గుజరాతీ, మరాఠీ భాషల్లో నీటి తావును తెలిపే పదం పోర్చుగీసు పదంతో కలగలిసి ఆంగ్లంలో 'ట్యాంక్'గా స్థిరపడిందని నిఘంటుకారుల అభిప్రాయం. 1915 డిసెంబరులో బ్రిటన్ తన కొత్త యుద్ధశకటాల గుట్టు బయటపడకుండా, అవి నీటితొట్లని నమ్మించేందుకు ఆ మాటనే ఎంచుకుంది. 1916 సెప్టెంబరు 15న సోమ్ రణరంగంలో అవి తొలిసారి కదిలాక మారుపేరే అసలు పేరయింది.

ఈ శకటాన్ని కల్పనాలోకంలోకి తీసుకువెళ్ళిన ప్రసిద్ధ క్రీడల్లో ఒకటి 'బ్యాటిల్‌జోన్'. ఎడ్ రాట్‌బర్గ్ రూపకల్పన చేయగా అటారీ సంస్థ 1980లో విడుదల చేసింది. తెరపై కనిపించేవి ఆకుపచ్చని వెలుగు గీతలే: పిరమిడ్ల వంటి అడ్డంకులు, శత్రు ట్యాంకులు, దూరాన కొండలు, చంద్రవంక, నిప్పులు కక్కే అగ్నిపర్వతం, అప్పుడప్పుడు ఒక ఎగిరే పళ్ళెం. ఆటగాడు పెరిస్కోపు వంటి అమరికలోంచి చూస్తూ రెండు మీటలను నడపాలి. ఎడమ మీట ఎడమ పట్టాను, కుడి మీట కుడి పట్టాను కదిలిస్తుంది. త్రిమితీయ గణనలకు ప్రత్యేక గణిత వలయం అవసరమైంది. ఎంత దూరం పోయినా దగ్గరకు రాని ఆ అగ్నిపర్వతాన్ని చేరవచ్చునని ఆటగాళ్ళలో వదంతి పుట్టింది. గీతల బొమ్మ అంతటి నమ్మకాన్ని కలిగించగలిగింది.

ఆ నమ్మకమే సైన్యాన్నీ ఆకర్షించింది. అమెరికా సైన్యం కొత్త బ్రాడ్లీ వాహనపు గన్నర్ల శిక్షణకు ఈ ఆటను మార్చి ఇమ్మని అటారీని కోరింది. బ్రాడ్లీ కచ్చితార్థంలో ట్యాంకు కాదు. సైనికులను మోసుకుపోతూ పోరాడే వాహనం. హైదరాబాదుకు సమీపాన ఎద్దుమైలారం కర్మాగారంలో 1980ల నుంచి తయారైన 'సారథ్' ఆ కోవకే చెందుతుంది. 1981 నాటి 'బ్రాడ్లీ ట్రైనర్'లో వచ్చిన మార్పులు గమనార్హం. ఆటగాడు శకటాన్ని నడపడు, గురిచూసి కాలుస్తాడు. లక్ష్యాన్ని బట్టి ఆయుధాన్ని ఎంచుకుంటాడు. అన్నిటికీ మించి, ఎదుటి వాహనం స్వపక్షానిదో పరపక్షానిదో గుర్తించాలి. మూల క్రీడలో కనిపించిన ప్రతిదీ శత్రువే కనుక ఈ విచక్షణకు తావే లేదు. కల్పనకూ శిక్షణకూ అసలు భేదం బొమ్మల నాణ్యతలో కాక ఇక్కడే ఉన్నదనడం సమంజసం.

రాట్‌బర్గ్ ఈ పనిని వ్యతిరేకించారు. వినోదం కోసం చేసినది సంహారానికి సాధన కావడం ఆయనకు సమ్మతం కాలేదు. ఇకపై సైనిక పనులు అప్పగించబోమన్న హామీ మీదనే పూర్తిచేశారు. ఆ ఏడాదే అటారీని వీడి సహచరులతో 'విడియా' అనే సంస్థను స్థాపించారు. శిక్షణ యంత్రాలు రెండే తయారయినట్లు చెబుతారు. అది నమూనా దశను దాటలేదు. గన్నర్ల కోసం రూపొందిన చేపిడి మాత్రం నిలిచింది. 1983లో అటారీ 'స్టార్ వార్స్' ఆటలో పిల్లలు పట్టుకున్నది దాని మార్పు రూపాన్నే.