రెండు విద్యల పాత్రకు అనుభవంలో కోత

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పాత్ర ఎదుగుదలకు కొలత అనుభవ పాయింట్లు. ఆటగాళ్ల మాటలో ఎక్స్‌పీ. అవి నిర్ణీత మొత్తం నిండినప్పుడల్లా పాత్ర ఒక లెవెల్ ఎక్కుతుంది. కత్తి పట్టే ఫైటర్ ఒక క్లాస్, మంత్రం వేసే విజార్డ్ ఇంకో క్లాస్. ఒకే పాత్ర రెండూ నేర్చుకుంటే అది మల్టీక్లాస్. అలా నేర్చినందుకు ఎంత కోల్పోవాలన్న లెక్క ఎడిషన్ మారినప్పుడల్లా మారుతూ వచ్చింది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి ఆటలో క్లాసులు మూడే. ఎల్ఫ్ జాతి పాత్ర మాత్రం ఒక సాహసానికి ఫైటర్‌గా, మరోదానికి మంత్రగాడిగా బయల్దేరవచ్చు. 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధం రెండు విద్యలనూ ఏకకాలంలో సాగనిచ్చి, పాయింట్లను వాటి మధ్య సమంగా పంచింది. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఈ పంపకం స్థిరపడింది. పాయింట్లు సమానంగా పడ్డా క్లాసులు ఒకే వేగంతో ఎదగవు. అరకు కొండవాలు చేనులో రాగి, కంది కలిపి చల్లితే రాగి ముందు కోతకొస్తుంది, కంది చాలా తర్వాత వస్తుంది; ఇదీ అంతే.

ఈ పంపకం పైకి కనిపించినంత కఠినమైంది కాదు. 1989 నాటి రెండో ఎడిషన్ పట్టిక చూస్తే సంగతి తెలుస్తుంది. 32,000 పాయింట్లున్న ఫైటర్ ఆరో లెవెల్‌లో ఉంటాడు. అవే పాయింట్లను చెరి 16,000 పంచుకున్న ఎల్ఫ్ ఫైటర్‌గా ఐదు, విజార్డ్‌గా నాలుగు. పోయింది ఒక్క లెవెల్, వచ్చింది ఒక మంత్రవిద్య! మొదట్లో ఒక్కో లెవెల్‌కు కావలసిన మొత్తం దాదాపు రెట్టింపవుతూ పోవడమే ఇందుకు కారణం. పైకి వెళ్లాక ఆ పెరుగుదల ఆగిపోతుంది, అప్పుడు దెబ్బ తగులుతుంది. 30 లక్షల పాయింట్లకు ఫైటర్ 20వ లెవెల్ చేరితే, పంచుకున్నవాడు రెండింటా 14 దగ్గరే ఉంటాడు.

ఆ ఎడిషన్లలో మనుషులకు ఈ పంపకం పద్ధతి లేదు, డ్యూయల్ క్లాస్ ఉండేది. పాత విద్యను ఆపేసి కొత్తది మొదటి లెవెల్ నుంచి నేర్చుకోవాలి. కొత్తది పాతదాన్ని మించేలోపు ప్రాణం మీదికొచ్చి పాత విద్య వాడితే, రెండో ఎడిషన్ ప్రకారం ఆ పోరాటం పాయింట్లు మొత్తం పోతాయి, ఆ సాహసానివి సగమే దక్కుతాయి.

2000లో మూడో ఎడిషన్ పంపకాన్ని తీసేసి అసలైన జరిమానా పెట్టింది. అన్ని క్లాసులకూ ఒకే పట్టిక. ఏ లెవెల్‌కు ఏ క్లాస్ కావాలంటే అది తీసుకోవచ్చు. అయితే అన్నిటికన్నా ఎక్కువ లెవెల్ ఉన్న క్లాస్ కంటే రెండు లెవెళ్లో అంతకన్నా ఎక్కువో వెనకబడిన ప్రతి క్లాస్‌కూ 20 శాతం కోత. ఐదో లెవెల్ ఫైటర్, మూడో లెవెల్ విజార్డ్ అయిన హాఫ్లింగ్ జాతి పాత్రకు 1,000 పాయింట్లు వస్తే చేతికందేవి 800. రెండూ కలిపి ఎనిమిదో లెవెల్ కాబట్టి, తొమ్మిదో లెవెల్‌కు ఇంకా కావలసిన 8,000 కోసం 10,000 సంపాదించాలి. జాతికి అనుకూలమైన క్లాస్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోరు: డ్వార్ఫ్‌కు ఫైటర్, ఎల్ఫ్‌కు విజార్డ్, మనిషికైతే ఏది పెద్దదైతే అదే.

ఈ నియమంలో లోపం ఇక్కడే ఉంది. ఇది బలాన్ని కాదు, హెచ్చుతగ్గులను శిక్షించింది. లాభం కోసం నాలుగు క్లాసుల్లో ఒక్కో లెవెల్ ఏరుకున్న మనిషికి కోత పడదు. షరతులు నెరవేర్చాకే దొరికే ప్రెస్టీజ్ క్లాసులకు అసలే వర్తించదు. కథ దారి మళ్లి, నడి వయసులో మంత్రం నేర్చుకున్న డ్వార్ఫ్ దొంగకే నష్టం. 2002లో వచ్చిన నెవర్‌వింటర్ నైట్స్ కంప్యూటర్ ఆటలోనూ ఇదే కోత ఉంది.

2008 నాటి నాలుగో ఎడిషన్ జరిమానా మానేసి, రెండో విద్యను ఫీట్లనే ప్రత్యేక నైపుణ్యాల రూపంలో కొద్దికొద్దిగా ఇచ్చింది. మరుసటి ఏడు, మూడో ఎడిషన్ నియమాల ఆధారంగా వచ్చిన పాత్‌ఫైండర్ ఆట శిక్షను బహుమతిగా తిప్పింది: అనుకూల క్లాస్‌లో లెవెల్ ఎక్కినప్పుడల్లా ఒక హిట్ పాయింటో, ఒక స్కిల్ ర్యాంకో అదనం. 2014లో ఐదో ఎడిషన్ ఎక్స్‌పీ కోత లేకుండా, సంబంధిత సామర్థ్యాల్లో 13 ఉండాలన్న షరతుతో సరిపెట్టింది. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 కంప్యూటర్ ఆట ఆ షరతు కూడా తీసేసింది.

ఇప్పుడు మూల్యం ఆలస్యమే. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కు ఒకే వంతులో రెండో దెబ్బ, విజార్డ్‌కు ఫైర్‌బాల్ మంత్రం అందుతాయి. మూడు లెవెళ్లు కత్తికి, రెండు మంత్రానికి ఇచ్చిన పాత్రకు ఆ రోజు రెండూ ఉండవు. రెండూ చేతికొచ్చేసరికి పదో లెవెల్ అవుతుంది.