ఆదవాని కోట క్రింద క్రొత్త కట్టడములు

ఆదోనికి వచ్చువానికి ఊరికంటె ముందుగా కొండలు గనబడును. నున్నని గుండ్లను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ కొండలమీదనే పూర్వులు ఆదవాని యని పిలిచిన దుర్గము గలదు. అయిదు కొండల నావరించిన యీ కోటయొక్క ఉన్నత శిఖరములు మైదానమునుండి సుమారు 800 అడుగుల యెత్తున నున్నవి. సగము కొండ యెక్కిన పిదప నొక మంచినీటి చెరువు. దీని ముట్టడులను గూర్చి, దీని దొరలను గూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. నేను వృత్తిచే ఇండ్లకు నక్షాలు గీయువాడను గనుక నాకు కోటకంటె కోటక్రింది ఊరే హెచ్చు ఆలోచన గలిగించినది. ప్రాతదాని ప్రక్కను క్రొత్తది కట్టవలసివచ్చినపుడు ఎట్లు కట్టవలెను?

ఈ ప్రశ్నకు మనవారు సాధారణముగా రెండు విధముల ప్రత్యుత్తర మిత్తురు. ప్రాతది శిథిలమైనది గనుక తీసి పారవేయుడని కొందరు. ప్రాతదాని పోలికనే సిమెంటుతో గోపురమో గుమ్మటమో పోతపోసి నిలుపుడని మరికొందరు. ఆదోని చరిత్రమును జూచితిమేని ఈ రెండును ఇచ్చటి పూర్వుల పద్ధతులు కావని తేలును.

1565లో రక్కసి-తంగడి యుద్ధము ముగిసిన కొలది యేండ్లకే విజయనగరపు చేతిలోని యీ దుర్గము బిజాపురపు ఆదిల్‌షాహీల వశమయ్యెను. 17వ శతాబ్దమున దీని నేలిన సిద్దీ మసూదు ఖాను ఆఫ్రికా ఖండపు సంతతివాడు. బాలుడగు సికందరు ఆదిల్‌షా పక్షమున బిజాపుర రాజ్యమునే కొంతకాలము నడపినవాడు. ఆ యధికారమును వదలి ఆదోనికి మరలివచ్చి, 1688లో మొగలాయి సేనలకు కోట నొప్పగించువరకు దీనిని పాలించెను. ఊరిలోని జామియా మసీదు ఈతడు కట్టించినదే. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామమును, అనగా నేటి మంత్రాలయమును, ఇచ్చినవాడును ఈతడే యని సంప్రదాయము.

విజయనగరపు శిల్పి రాతికంబమును నిలిపి దానిపై రాతిదూలమును పరచును. బిజాపురపు శిల్పి రాళ్లను వంపుగా పేర్చి, ఒకదాని బరువును మఱియొకదానిచే మోయించి, కమానును నిలుపును. మొదటి పద్ధతిలో కంబమునకు కంబమునకు నడుమ నెడము దూలపు పొడవును మించజాలదు. రెండవదానిలో ఆ యెడము పెరుగును, జనసమూహము అడ్డులేక నిలువగలుగును. దూలములకు అలవాటుపడిన ఆ నాటి ఊరివారి కంటికి ఈ కమానులు, ఈ మీనారులు ఎంత వింతగా నుండెనో ఊహింపుడు. నేడు పురాతనమని మనము గౌరవించు కట్టడము ఆనాడు అతినవీనము! మసూదు ఖాను కోట బురుజును అనుకరింపలేదు, దేవాలయ మంటపమును అనుకరింపలేదు. తన ప్రార్థనకు తగినట్లు, తన కాలపు విద్యతో కట్టించెను. అయినను రాతియూరిలో రాతితోనే కట్టించెను.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. నిజాము సోదరుడగు బసాలతు జంగు దీనిని జాగీరుగా ననుభవించెను. 1786లో టిప్పు ముట్టడించి పట్టుకొని కోటగోడల పైభాగములను పడగొట్టించెను. 1800లో దత్తమండలములతో పాటు కంపెనీవారి పాలయ్యెను. ఆ మండలములను 1807 వరకు పాలించిన తామసు మన్రో స్కాట్లండు దేశపు గ్లాస్గోలో పుట్టి, 1827లో ఇచ్చటికి దగ్గరనే పత్తికొండలో విషూచిచే మరణించెను. మన్రో పాలనమును మన యవ్వలును తాతలును చెప్పుకొనిరి. ఆ దేశమువాడే యైన మఱియొకని పేరు మాత్రము మనయందు పలుమందికి తెలియదు. ఆయనయే ప్యాట్రిక్ గెడ్డీసు.

గెడ్డీసు ఎడింబరో నగరమున, మురికిచే, ఇరుకుచే చెడిన పాతబస్తీలోనికి 1880ల చివర తన కుటుంబముతో పోయి కాపురము పెట్టినవాడు. వీధులకు వీధులను కూల్చుట ఆనాటి నాగరిక పద్ధతి. ఆయన అట్లు చేయక, కూలదగిన యింటిని మాత్రమే తీసి, గాలికిని వెలుతురునకును చోటు గల్పించి, తక్కినవానిని బాగుచేయించెను. ప్రాణమును కాపాడుచు చేయు శస్త్రచికిత్స వంటిదని దీనిని వర్ణించెను. 1914లో మన దేశమునకు ఆయన పంపించిన పటములతో వచ్చుచున్న ఓడను, మదరాసుపై గుండ్లు కురిపించిన ఆ ఎండెను నౌకయే సముద్రమున ముంచివేసెను. ఆయన చలింపక మరల పటములను సేకరించి 1915లో మదరాసున ప్రదర్శించెను. ఈ రాజధానిలోని పట్టణములను తిరిగి చూచి నివేదికలు వ్రాసెను. వానిలో బళ్లారి యొకటి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు గదా కర్నూలు జిల్లాలో చేరినది.

గెడ్డీసు బాగుచేసిన ఆ నగరమున నేటి కాలపువారు కట్టిన రెండు భవనములను గూర్చి చెప్పవలెను. 1998లో తెరచిన స్కాట్లండు మ్యూజియము ఒకటి. బెన్సను, ఫోర్సైతు అను శిల్పుల కల్పన. 19వ శతాబ్దపు పాత మ్యూజియము ప్రక్కనే, వీధి మూలను, గుండ్రని బురుజుతో నిలిచియున్నది. ఆ బురుజు కోటను తలపించును గాని కోటకు నకలు కాదు. గోడలకు ఆ దేశపు మొరే ప్రాంతమునందలి గనిలోని ఇసుకరాయినే వాడిరి. రెండవది 2004లో పూర్తియైన పార్లమెంటు భవనము. హోలీరూడు రాజభవనమున కెదుట కటలాను దేశస్థుడగు ఎన్రికె మిరాయెస్ కల్పించెను. పని ముగియకముందే 2000లో చనిపోయెను. ఖర్చు 40 కోట్ల పౌండ్లను మించుటచే జనులు మిక్కిలి నిందించిరి. మరుసటి యేడే దానికి ఆ దేశములలో మేలైన కట్టడమునకిచ్చు స్టర్లింగు బహుమానము వచ్చెను. నామట్టునకు మ్యూజియమే నచ్చినది. పార్లమెంటు తన్ను తాను చూచుకొని మురియునట్లుండును. మ్యూజియము ప్రక్కవానితో మాటలాడునట్లుండును.

మన ప్రాంతమున ఇట్టి సంభాషణము ఎచ్చటనైనను జరిగినదా యని విచారించితిని. కోటక్రింద పత్తి వచ్చినది, పత్తివెంట గింజతీయు మిల్లులు వచ్చినవి. ఆ రేకుల కప్పులను సుందరములని యెవరు నందురు? అయినను వానియందు కపటము లేదు. రేగడినేలలో పండిన దూదిని వానకు తడియకుండ కాచినవి. నాకు జవాబు దొరికినది మసీదులో కాదు, మిల్లులో కాదు, ఎమ్మిగనూరిలో, సాలెవారి యిండ్లలో.

నేత పనివాని యిల్లు తక్కిన యిండ్ల వంటిది కాదు. గుంటమగ్గమునకు నేల త్రవ్వవలెను; నూలు తెగకుండుటకు గదిలో కొంత చెమ్మ యుండవలెను; పోగు కనబడుటకు వెలుతురు రావలెను; పడుగు సాచుటకు వీధి పొడవుగా నుండవలెను. మట్టిమిద్దెల చీకటిగదులలో చెమ్మ యున్నది గాని వెలుతురు లేదు. కన్నులు చెడినవి, రొమ్ములు చెడినవి. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించి, నూలు నిప్పించి, బట్ట నమ్మించుటతో ఊరకుండక సాలెవారికి ఇండ్ల కాలనీ కట్టించుటకును పూనుకొనుటలోని గొప్పతన మిదియే. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఇల్లన్న తలదాచుకొను చోటు మాత్రమే కాదు, పనిముట్టు గూడనని గ్రహించినవారు ఆ దినములలో ఎందరు? ఆ కాలనీని చూచుటకు విదేశములనుండి శిల్పులు రారు. దానియందు చెక్కడము లేదు, గోపురము లేదు. కాని మసూదు ఖాను చేసినదియు, ఆ కాలనీ కట్టినవారు చేసినదియు ఒకటే: ఇచ్చటి మనుష్యులకు ఇప్పుడేమి కావలెనో అడిగి కట్టుట.

మట్టిమిద్దెను దూషించితినని తలపవలదు. లావైన రాతిగోడ, దూలములపై పలకలు, పలకలపై చౌడుమన్ను: ఏటేట వానలకు ముందు మరల మన్ను పరచుకొన్నచో వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ లోపలి చల్లదనమును ఏ విద్యుద్యంత్రమును ఇయ్యజాలదు. కాంక్రీటు కప్పు పగలు త్రాగిన యెండను రాత్రి మనపై క్రక్కును. ఇది తెలిసియు కొన్ని యేండ్లక్రిందట నేనే ఒక పట్టణమున నొక బట్టల దుకాణమునకు ముఖమంతయు గాజు పెట్టించితిని. పడమటి యెండకు లోపలి చీరెల రంగులు వెలసినవి. యజమానుడు గాజుపై గోనెపట్టాలు వ్రేలాడగట్టెను. ఆ దారిని పోవలసివచ్చినప్పుడెల్ల నేను తల వంచుకొని పోవుదును.

ఆ సిగ్గుతోనే మొన్న ఆదోనిలో నొక పత్తివర్తకుని యింటికి పోయితిని. తాతలనాటి మిద్దెను కూల్చి మూడంతస్తుల మేడ వేయవలెనని కొడుకుల కోరిక. కొలతలు తీయుచుండగా ఆ యింటి అవ్వ గడపలో కూర్చుండి, “నాయనా, మీరంతా కట్టుకోండి, నేనొద్దనను. ఎండకాలం నేనెక్కడ పండుకోవాలో అది మాత్రం చూపించి పో” అనెను. కొడుకులు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

గోడలను తట్టి చూచితిని. ముందరి పడసాల గోడలు గట్టిగనే యున్నవి. వెనుకటి రెండు గదుల దూలములను చెదలు తినివేసినవి. వెనుకటివానిని తీసి అక్కడ క్రొత్త మేడను లేపి, ముందరి పడసాలను, దాని మిద్దెను, అరుగులను అట్లే నిలుపుదమని నక్షా గీచి యిచ్చితిని. మేడగోడలకును ఈ కొండరాతినే చెప్పితిని. కిటికీలు నేటివి, పెద్దవి, గాజుపైకి ఎండ రాకుండ రాతిచూరులతో. పెద్దకొడుకు ఒప్పుకొనెను. చిన్నవాడు ముందువైపున గాజు లేకున్న ఊరిలో పరువుండదని ఇంకను వాదించుచున్నాడు. వానలు రాకముందు ఆ మిద్దెపై చౌడుమన్ను పరపించుటకు మాత్రము ఇద్దరును సమ్మతించిరి.