రహదారి యంచు: ఆగినవానికి తావు

దేశచరిత్రములందు రాజులకును యుద్ధములకును దక్కిన స్థానము దారులకు దక్కలేదు. దారులనుగూర్చి వ్రాసినవారు సైతము వానిని ఎవరు వేయించిరో, అవి ఎచ్చటినుండి ఎచ్చటికి పోవునో చెప్పిరి గాని, నడుచుచు నడుచుచు సత్తువ యుడిగి ఆగిపోయినవానికి ఆ దారి ప్రక్క తావు కలదా లేదా యను సంగతిని అంతగా విచారింపలేదు. అయినను ఒక దారి మంచిచెడ్డలు తెలియుటకు ఇది చక్కని గీటురాయి.

తమిళనాట స్థిరపడిన తెలుగువారికి ఈ మాట క్రొత్త గాదు. పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథునికి మాఱుగా 1689 మొదలుకొని మధుర నాయకరాజ్యమును పాలించిన రాణి మంగమ్మ పేరు నేటికిని దక్షిణదేశపు దారులతో ముడిపడియున్నది. మధురనుండి కన్యాకుమారివైపు సాగిన బాటను జనులు మంగమ్మాళ్ సాలై యని పిలిచిరి. దారుల కిరువైపుల నీడచెట్లు నాటించుట, బాటసారులకు సత్రములు కట్టించుట ఆమె ధర్మకార్యములుగా ప్రసిద్ధి కెక్కినవి. మధురలో రైలుస్టేషను ఎదుట నున్న సత్రము ఆమె పేరనే వెలసినది.

తమిళదేశపు పాతబాటల ప్రక్క మఱియొక కట్టడము కానవచ్చును. రెండు నిలువురాళ్లపై ఒక అడ్డరాయి నిలిపినది అది. దానిని అచ్చటివారు సుమైతాంగి యందురు. తలపై మూటతో వచ్చు బాటసారి పరుల సాయము లేకయే మూటను దానిపై దింపి, సేదదీఱి, మరల తలకెత్తుకొని పోవుటకు అది ఉపకరించెడిది. నిండుచూలాలుగా మరణించిన స్త్రీ జ్ఞాపకార్థము ఇట్టి రాళ్లను నిలుపు ఆచారముండెను. తన బరువును దింపుకొనకయే కన్నుమూసిన యామె పేర, ఇతరులు బరువు దింపుకొనుటకు తావు కల్పించిరి. ఆగుటయు ప్రయాణములోని భాగమే యని ఆ కాలపువారు ఎఱిగియుండిరి.

మోటారు బండ్ల కాలమున ఇదే ప్రశ్నను ఎదుర్కొని, ఒకమాఱు ఇచ్చిన తావును తిరిగి తీసికొని, దాని ఫలితమును అనుభవించిన దేశము ఇంగ్లండు. ఆ దేశమున మోటారు వాహనములకే ప్రత్యేకించిన రహదారులకు 1949 నాటి చట్టము ఆధారమయ్యెను. వానిని మోటార్‌వేలందురు. మొదటిదైన ప్రెస్టన్ బైపాసును 1958 డిసెంబరు 5వ తేదీన ప్రధానమంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ప్రారంభించెను. దాని పొడవు దాదాపు 8 మైళ్లు. మరుసటి యేట నవంబరు 2వ తేదీన ఎమ్ 1 రహదారియందు మొదటి భాగము తెఱవబడెను.

ఈ దారులపై కాలినడకవారికిని సైకిళ్లకును ప్రవేశము లేదు. నడుచు వరుసలలో బండిని ఆపరాదు. మఱి చెడిపోయిన బండి ఎచ్చట నిలువవలెను? అందులకై ఎడమ ప్రక్క ఒక అంచును విడిచిరి. మొదట ఆ యంచులు మెత్తనివి. బరువైన వాహనములు నిలుచుటకు అవి చాలవని తెలిసిన పిమ్మట గట్టిగా పఱచుట అలవాటయ్యెను. దానికే హార్డ్ షోల్డరని పేరు. మన ఊళ్లలో రోడ్డు మార్జిననెడి దానిని సుమారు 3.3 మీటర్ల వెడల్పున, బండి బరువునకు తాళునట్లు పఱచినచో ఎట్లుండునో అట్టిది. చెడిన బండికే కాక, ప్రమాదస్థలమునకు పోవలసిన అంబులెన్సునకును పోలీసు బండికిని అదియే త్రోవ.

ఈ యంచు సైతము నిరపాయమైనది గాదు. మోటార్‌వేలపై జరుగు మరణములలో 12కు ఒకటి ఈ యంచుమీదనే సంభవించుచున్నదని రహదారుల అధికారులు పలుమాఱులు చెప్పియుండిరి. కునుకుపాటున దారి తప్పిన బండి అంచున నిలిచిన బండిని గ్రుద్దుట కలదు. తరువాతి మార్పును సమర్థించినవారికి ఈ సంగతి యొక వాదమయ్యెను. ఐనను మార్పునకు ముఖ్యకారణము రద్దీ. దారిని వెడల్పు చేయవలెనన్నచో భూమి కొనవలెను, వంతెనలు మార్చవలెను. పలుమాఱు ఖాళీగా నుండు అంచును నడకకు వాడుకొన్నచో ఆ వ్యయము తగ్గునని తలంచిరి.

2006లో బర్మింగ్‌హాము సమీపమున ఎమ్ 42పై ఈ ప్రయోగము మొదలయ్యెను. రద్దీవేళలలో మాత్రమే అంచును తెఱచి, అట్టి సమయమున వేగమును గంటకు 50 మైళ్లకు తగ్గించిరి. సుమారు 500 మీటర్ల కొకటి చొప్పున అత్యవసర విరామస్థలములు కట్టిరి. దారిపై అడ్డముగా నిలిపిన ఇనుప గాంట్రీలమీద దీపసూచనలు, కెమెరాలు అమర్చిరి. ప్రయోగము ఫలించినదని భావించి అచ్చటితో నాగక, 2014లో లండను చుట్టునున్న ఎమ్ 25పై కొన్ని భాగములలో అంచును శాశ్వతముగా నడకవరుసగా మార్చిరి. విరామస్థలముల నడిమి దూరము 2,500 మీటర్ల వఱకును ఉండవచ్చునని నియమము సడలించిరి. ప్రయోగము నాటి జాగ్రత్త ఒకటి, విస్తరణ నాటి జాగ్రత్త ఒకటి. కష్టమునకు మూలము ఇచ్చటనే కలదు.

లెక్క చూచినచో ఇది తేటపడును. గంటకు 60 మైళ్ల వేగమున 2,500 మీటర్లు పోవుటకు నిమిషమున్నర పట్టును. ఇంజను ఆగిన బండికి అంత ఓపిక యుండదు. అది నడివరుసలోనే నిలిచిపోవును. వెనుక గంటకు 70 మైళ్ల వేగమున వచ్చు కారు క్షణమునకు 31 మీటర్లు దాటును. అది ఆగుటకు 96 మీటర్లు కావలెనని ఆ దేశపు దారినియమావళి చెప్పుచున్నది. ఆగిన బండిని అధికారులు గుర్తించినచో గాంట్రీమీద ఎఱ్ఱని ఇంటూ గుర్తు వెలిగించి ఆ వరుసను మూయుదురు. కాని రాడారు లేని భాగములలో అట్లు గుర్తించుటకు సగటున 17 నిమిషములు పట్టుచున్నదని 2016 నాటి పరిశీలనలో తేలెను. అంతసేపు ఆ బండిలోనివారి ప్రాణము వెనుకవచ్చువాని కంటిచూపుపై ఆధారపడియుండును.

2019 జూనులో షెఫీల్డు సమీపమున ఎమ్ 1పై అదే జరిగెను. రెండు బండ్లు స్వల్పముగా తాకుకొనగా, వాని చోదకులిరువురును అంచు లేనందున వరుసలోనే ఆగిరి. వెనుకనుండి వచ్చిన లారీ తగిలి ఇద్దరును మరణించిరి. లారీ నడిపినవాని అజాగ్రత్తయే ముఖ్యకారణమైనను, అంచు లేకుండుటయు ఈ మరణములకు తోడ్పడెనని 2021 జనవరిలో విచారణ జరిపిన కారొనర్ నిర్ణయించి, ఇట్టి దారులవలన మున్ముందును మరణములు కలుగగలవని హెచ్చరించెను.

2020 మార్చిలో ప్రభుత్వము వెలువరించిన సమీక్ష చరిత్రకారుడు శ్రద్ధగా చదువదగినది. మొత్తముమీద ఈ దారులు పాతవానివలెనే, కొన్ని లెక్కలలో అంతకు మించియు క్షేమమైనవని అందు చెప్పిరి. కాని నడుచు బండి ఆగిన బండిని గ్రుద్దు ప్రమాదము మాత్రము ఇచ్చట హెచ్చినదని అందే ఒప్పుకొనిరి. ఈ రెండు మాటలును నిజములే. వేగముల క్రమబద్ధతవలన నడుచువారికి లాభము కలిగెను. ఆగినవారికి నష్టము కలిగెను. సగటు లెక్క ఈ రెంటిని కలిపి చూపును గాని, లాభమొకరిది నష్టమింకొకరిదని చెప్పదు. నేడు నడుచువాడే రేపు ఆగవలసినవాడు కావచ్చునని జనులు గ్రహించిరి. వారి భయమును ఏ పట్టికయు తీర్పలేకపోయెను.

ఆ సమీక్షతో పాటు విరామస్థలముల నడుమ ఒక మైలుకు మించి దూరముండరాదనియు, వీలైనచోట ముప్పాతిక మైలే యుండవలెననియు, రాడారుల నమరిక త్వరపఱుపవలెననియు నిర్ణయించిరి. రాడారుల పనితనము నిర్ణీత ప్రమాణమును అందుకొనలేదని పర్యవేక్షక సంస్థ 2022 డిసెంబరులో తెలిపెను. అంతకుముందే, ఆ యేటి జనవరిలో, కామన్సు సభాసంఘము సూచన ననుసరించి క్రొత్త పనులు ఆపివేయబడెను. 150కి మించి విరామస్థలములు అదనముగా కట్టుటకు నిర్ణయము జరిగెను. 2023 ఏప్రిలులో క్రొత్త పథకములన్నియు రద్దయ్యెను. ఖర్చును, ప్రజలకు నమ్మకము లేకుండుటను కారణములుగా చెప్పిరి. అప్పటికే మార్చిన దారులు మాత్రము అట్లే నిలిచెను. తీసికొన్న యంచును తిరిగి ఇచ్చుట తీసికొన్నంత సులభము గాదు.

ఈ వృత్తాంతముతో మనకేమి పనియని యెవరైన నడుగవచ్చును. తరతరములుగా ఇతర రాష్ట్రములలో నెలకొన్న తెలుగువారి ఊళ్లను పటముపై చూచినచో సమాధానము దొరకును. కోలారు మీదుగా 75వ జాతీయరహదారి, కృష్ణగిరి, హోసూరుల మీదుగా 44, బరంపురము మీదుగా 16, షోలాపురము మీదుగా 65, యానాము మీదుగా 216 సాగుచున్నవి. పెండ్లికైనను, తిరుపతి యాత్రకైనను, పుట్టినూరి జాతరకైనను మన కుటుంబములు రాత్రింబగళ్లు పయనించు దారులవి. వానిని వేయుటలో మట్టిపని, రాతిపని కులవృత్తిగాగల వడ్డెరల చెమట కలదు. కర్ణాటకమున భోవులని, తమిళనాట ఒడ్డరులని, మహారాష్ట్రమున వడార్లని పిలువబడు వీరిలో పలువురి యింటిభాష నేటికిని తెలుగే.

మన దారులకు అంచు లేదనుటకంటె, ఉన్న యంచు దానికై నిలువదనుట సత్యము. ఒకచోట లారీల వరుస, ఒకచోట టీ దుకాణము, ఒకచోట ఎదురువచ్చు మోటారు సైకిలు దానిని ఆక్రమించుచున్నవి. ఇంగ్లండున ప్రభుత్వము తెలిసి తీసికొన్న తావును మనము తెలియక పోగొట్టుకొనుచున్నాము. ఇక రద్దీ పెరిగిన కొలది ఆ యంచునే మఱియొక వరుసగా మార్చుదమను ఆలోచన ఇచ్చటను పుట్టవచ్చును. అట్టి సమయమున ఎన్ని బండ్లు ఎక్కువ పోవుననియే గాక, ఆగిన బండి ఎచ్చట నిలుచునని, అది ఆగినట్లు ఎంతసేపటికి తెలియునని అడుగుట ఆయా ఊళ్ల తెలుగు సంఘములకును తగిన పని. ఇరువైపుల సత్రములు లేచిన బాటలను ఎఱిగినవారి సంతతికి ఆ ప్రశ్న నడుగు హక్కు కలదు.