దొర కొండెక్కాడు, ఊరు పొలిమేర దాటలేదు

ఏప్రిల్ దాటాక తిరుపతిలో ముగ్గురు స్నేహితులు సోడా బండి దగ్గర నిలబడితే మాట సెలవుల మీదికే పోతుంది. "యాడికబ్బా ఈ తూరి?" అంటాడు ఒకడు. "యాడికి పోయేది, గంగమ్మ చాటింపు పడిపోయె గదా" అంటాడు రెండోవాడు. "నువ్వు పోకపోయినా నీ నోరు పోతాదిలే ఊరంతా" అని మూడోవాడు అందుకుంటాడు. గోలీ టప్పున లోపలికి పడుతుంది, నిమ్మరసం పొంగుతుంది, నవ్వులూ పొంగుతాయి.

దక్షిణ రాయలసీమ వేసవి చరిత్ర చాలామటుకు ఈ మూడు ముక్కల్లోనే ఉంది. ఎండ ముదిరితే ఊరు విడిచి చల్లటి చోటికి పోవడం ఒక పద్ధతి. ఎండ ముదిరేకొద్దీ ఊరిని అంటిపెట్టుకుని, తాగేదేదో పదిమందితో పంచుకుని తాగి, నోరారా వేళాకోళాలాడుకోవడం ఇంకో పద్ధతి. మొదటిది దొరలు నేర్పింది, దానికి బంగళాలు, బోర్డులు, రోడ్లు మిగిలాయి. రెండోది మనది. దాని చరిత్ర రాసినవాళ్లు తక్కువ.

మొదటిదాని కథ మదనపల్లె దగ్గర మొదలవుతుంది. పట్టణానికి ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఏనుగు మల్లమ్మ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఆ కొండ మీద ఏనుగులు పోషించిన మల్లమ్మ అనే ఆవిడ ఉండేదనీ, కొండ కింది జనానికి వైద్యం చేసేదనీ కథ. అప్పట్లో ఈ ప్రాంతమంతా కడప జిల్లా. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ ఈ కొండ చల్లదనానికి ముచ్చటపడి 1870 ప్రాంతంలో పైన వేసవి విడిది కట్టుకున్నాడు. దానితో కొండకు ఆయన పేరే స్థిరపడిపోయింది. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటి కాలుస్తుంటే హార్స్‌లీ కొండ మీద 32 చుట్టుపక్కల ఆగుతుంది. ఆ ఎనిమిది డిగ్రీల కోసమే ఇదంతా.

హార్స్‌లీ ఒక్కడి సరదాగా దీన్ని చూడకూడదు. మద్రాసు ప్రభుత్వం వేసవి వస్తే ఊటీకి కదిలేది. గవర్నరు, కార్యదర్శులు, ఫైళ్లు, గుమాస్తాలు అందరూ నీలగిరి ఎక్కేవారు. పెద్ద దొర ఊటీకి పోతే జిల్లా దొర తన జిల్లాలోనే ఒక చిన్న ఊటీని వెతుక్కున్నాడు. హార్స్‌లీ కొండ మీద విడిదితో పాటు కచేరీ కూడా వెలిసింది. అంటే దొరతో పాటు పాలన కూడా కొండెక్కింది. అర్జీ పెట్టుకోవలసిన రైతు ఆ ఎండలో ఆ కొండే ఎక్కాలి.

చల్లదనాన్ని దొరలు కొండ ఎక్కి మాత్రమే తెచ్చుకోలేదు, ఓడ మీద కూడా తెప్పించుకున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ చెరువుల్లో గడ్డకట్టిన మంచును దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో పొదిగి, సముద్రాలు దాటించి మద్రాసులో దించేవారు. 1842లో దాన్ని దాచడానికి కట్టిన ఐస్ హౌస్ ఇవాళ మెరీనా ఒడ్డున వివేకానంద ఇల్లంగా నిలబడి ఉంది. యంత్రాలతో మంచు తయారుచేయడం వచ్చాక ఆ వ్యాపారం చచ్చిపోయింది. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన గోలీతో మూతపడే సీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఆ సీసా కథ వేరుగా సాగింది. దొరల బల్లల మీద ఆగిపోకుండా వీధిలోకొచ్చి మనదైపోయింది. ఇంగ్లండు ఎప్పుడో మరిచిపోయిన సీసాను చిత్తూరు జాతర బాటల్లో ఇంకా బొటనవేలితో కొడుతున్నాం.

మదనపల్లె గాలికి పేరు రావడంలో హార్స్‌లీ కన్నా తర్వాత వచ్చినవాళ్ల పాత్రే గొప్పదని నా అభిప్రాయం. క్షయకు మందు లేని రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే చికిత్స. అందుకే క్రైస్తవ మిషన్లు కలిసి ఇక్కడి ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టాయి. హార్స్‌లీ కొండ దిగువ లోయలో రిషివ్యాలీ బడి వచ్చింది. ఆ బడికి మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ మదనపల్లెలోనే, 1895లో.

ఇక 1919 ఫిబ్రవరి. దక్షిణాదిలో ఉపన్యాసాలతో అలసిన రవీంద్రనాథ్ ఠాగూరు విశ్రాంతికని మదనపల్లె వచ్చాడు. బెసెంట్ థియొసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి, ఠాగూరుకు స్నేహితుడు. కాలేజీలో బుధవారం సాయంత్రాలు విద్యార్థులూ అయ్యవార్లూ కూడి పాటలు పాడుకునే అలవాటుండేది. అలాంటి ఒక కూటమిలో ఠాగూరును కూడా ఏదైనా పాడమని అడిగారు. ఆయన జనగణమన ఎత్తుకున్నాడు. అది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి వినిపించిన పాటే. అర్థం తెలియకపోయినా పిల్లలు చివరి జయజయధ్వానంలో గొంతు కలిపేశారు. ఆ ఊపులో ఠాగూరు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి ఫిబ్రవరి 28న సంతకం పెట్టాడు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆ పాటను జాతీయగీతంగా ప్రకటించింది.

విశ్రాంతికి వచ్చిన మనిషి ఊరికే పడుకోలేదు. నలుగురి నడుమ కూర్చుని, పాడమంటే పాడాడు. ఈ సీమ పద్ధతికి అదే దగ్గర. హార్స్‌లీ కొండ చూసొచ్చే యాత్రికుల్లో ఎందరు మదనపల్లెలో ఆగి ఆ కాలేజీ ఆవరణలో నాలుగడుగులు వేస్తారో! వేయాలని నా కోరిక.

రెండో పద్ధతిని చూడాలంటే తిరుపతికి రావాలి, అదీ మే నెలలోనే రావాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతర ఒక మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై మరుసటి మంగళవారం తెల్లవార్లూ సాగి బుధవారం ముగుస్తుంది. చాటింపు వేసేది కైకాల కులస్థులు. చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదు, పొరుగూరి నుంచి వచ్చినవాళ్లు జాతర అయ్యేదాకా పోకూడదు. ఇదీ కట్టుబాటు. దేశమంతా బడులు మూసి, కోర్టులు మూసి ఎటో పోవడానికి టిక్కెట్లు వెతుక్కునే నెలలో ఈ ఊరు మాత్రం 'ఎవరూ పోవద్దు' అని దండోరా వేసుకుంటుంది. చల్లటి చోటికి పోగలిగినవాడూ పోలేనివాడూ ఒకే ఎండ కింద ఉండిపోతారు. దీనికంటే గొప్ప వేసవి సెలవు నాకు కనిపించలేదు.

జాతర వెనుక కథ తిరుపతిలో అందరికీ తెలిసిందే. కంటబడిన ఆడపిల్లనల్లా చెరిచే పాలెగాడు ఒకడుండేవాడు. వాణ్ని అంతమొందించడానికి గంగమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషం వేసుకుని వెతికింది. చివరికి దొర వేషంలో వచ్చేసరికి, ఎవరో దొరగారు వచ్చారనుకుని వాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఆ వేషాలనే ఊరి మగవాళ్లు, పిల్లలు వరసగా వేస్తారు. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు పొడి. దొర వేషానికి గంధం, మెడలో వేపాకు నిమ్మకాయల దండ. తర్వాత మాతంగి, చీరలు కట్టిన మగవాళ్లు. 2024లో వచ్చిన 'పుష్ప 2' చిత్రంతో ఈ వేషాన్ని దేశమంతా చూసింది. తిరుపతి వీధుల్లో అది ఏటేటా ప్రతి ఇంటి గడపలో తయారయ్యే వేషం.

ఆ వేషాల్లో ఉన్నప్పుడు బూతులు తిట్టడం మొక్కు. బండ వేషం రోజు, తోటి వేషం రోజు వీధిలో నడిచేవాళ్లు ఎదురైనవాణ్నల్లా తిడతారు. తిట్టించుకున్నవాడు నవ్వుతాడు, నోరున్నవాడైతే అంతకు రెండింతలు తిరిగి తిడతాడు. పెద్దా చిన్నా లేదు, దుకాణం సేటూ లేడు, ఆఫీసరూ లేడు. ఏడాది పొడుగునా "సార్" అని పిలవాల్సిన మనిషిని ఆ రెండు రోజులు ఏమన్నా చెల్లుతుంది. పైవాడి ముందు ఏడాదంతా నోరు కట్టుకున్న జనానికి ఊరు తానుగా ఇచ్చుకున్న విడుదల ఇది. సోడా బండి దగ్గర ముగ్గురు స్నేహితులు ఆడుకునే వేళాకోళం దీని పిల్లే. సిగ్గుపడి దీన్ని దాచాలని చూసేవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను.

గంగమ్మ వేడి దేవత. వేసవి, అమ్మవారు పోయడం, ఉగ్రం, అన్నీ ఆమె లోపలి వేడే అని నమ్మకం. ఆ వేడిని చల్లార్చడానికి పసుపు నీళ్లు, వేపాకు, అంబలి. జాతర రోజుల్లో ఆడవాళ్లు ఇళ్ల ముందు కుండలతో అంబలి పెట్టి వచ్చేపోయేవాళ్లకు పోస్తారు. పోయించుకున్నవాడి కులమేమిటి, ఊరేమిటి అని అడగరు. కొండ మీద శ్రీనివాసుడిదీ ఇదే ధోరణి. చైత్ర పౌర్ణమితో ముగిసేలా తిరుమలలో మూడు రోజుల వసంతోత్సవం చేసి, స్వామికి ఎండ సోకకుండా సుగంధ జలాలతో స్నపనం చేస్తారు. గంగమ్మ ఆయనకు చెల్లెలని నమ్మకం. అందుకే జాతరకు దేవస్థానం నుంచి సారె వస్తుంది.

అంబలి సంగతి కొంచెం చెప్పాలి. రాగి పిండిని ముందురోజు నీళ్లలో కలిపి పులియబెడతారు. మరునాడు నూకలు ఉడుకుతున్న ఎసట్లో పోసి, గరిటె ఆపకుండా కలియబెట్టి దించుతారు. మట్టి కుండలో చల్లారనిచ్చి, గట్టి మజ్జిగ, ఉప్పు, తరిగిన ఎర్రగడ్డలు వేసి చెంబుతో తాగుతారు. నంజుకోవడానికి ఊరిన మజ్జిగ మిరపకాయ. మిట్టమధ్యాహ్నం మామిడి తోటలో కాయ దించే కూలీని సాయంత్రం దాకా నిలబెట్టేది ఇదే. చిత్తూరు మామిడికి పెద్ద పేరు. ఇక్కడి తోతాపురి కాయ ఫ్యాక్టరీల్లో గుజ్జయి, డబ్బాల్లో దేశదేశాలకు పోయి, ఎవరి చేతిలోనో చల్లటి జ్యూసవుతుంది. దాన్ని కోసినవాళ్ల చేతిలో ఉన్నది అంబలి చెంబు.

ఇక నన్నారి షర్బత్తు. తిరుపతి బస్టాండు బయట బండి మీద ముదురు గోధుమరంగు పాకం సీసా, నానిన సబ్జా గింజలు, నిమ్మచెక్కలు, ఐసు. రాయలసీమలో వేసవి పరిమళం ఏదంటే నేను దీన్నే చెబుతాను. నన్నారి అంటే అసలు సుగంధి తీగ వేరే, కానీ అది సన్నం. బండ్ల మీది పాకానికి ఎక్కువగా వాడేది శేషాచలం రాళ్ల సందుల్లో పెరిగే మారేడు కొమ్ములు, లావుపాటి వేళ్లు. వాటిని తవ్వి తెచ్చేది ముఖ్యంగా యానాదులు. వేరు తీస్తే తీగ పోతుంది. ఏళ్ల తరబడి తవ్వడంతో అడవిలో అది పలచబడింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అయినా షర్బత్తు తాగేవాళ్లకు ఆ వేరు ఎవరు తవ్వారో, అతనికెంత దక్కిందో తెలిసే వీలు ఇప్పటికీ లేదు. తోటల్లో పెంచి, తవ్వేవాళ్లకు సరైన ధర ఇస్తే తప్ప ఈ రుచి మనవళ్లకు అందదు.

అడవి నుంచి వచ్చేది వేరు ఒక్కటే కాదు, గడ్డి కూడా. ఆ గడ్డి కోత విషయంలో దొరకూ మనకూ ఉన్న తేడా ఇంకా పెద్దది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ పచ్చిక కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రమే అతనికి ఆధారం. పచ్చికను నున్నగా ఉంచి చూసుకోవడం గొప్పింటి లక్షణమైంది. ఇండియాలో దొరల మైదానాల మీద ఆ యంత్రాన్ని ఎద్దులు లాగాయి. మనకు గడ్డి అంటే పశువు మేత, ఇంటి కప్పు. చేతిలో కొడవలి, తలమీద మోపు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో ఆ గడ్డి కోయడానికీ, మేపడానికీ పర్మిట్టు కావాల్సివచ్చింది. పుల్లరి అనే ఆ మేత పన్ను కట్టలేని రైతులు 1921లో పల్నాడులో తిరగబడ్డారు, రాయచోటిలోనూ అటవీ సత్యాగ్రహం చేశారు. రాయచోటి హార్స్‌లీ కొండకు పెద్ద దూరమేమీ కాదు.

శేషాచలంలో వానలకు మనిషెత్తు పెరిగే బోద గడ్డి మాఘం దాటేసరికి పండి ఎండిపోతుంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని కోసుకుపోయి కొట్టాలు కప్పుకునేవారు. రేకులు, మిద్దెలు వచ్చాక కోసేవాళ్లు తగ్గారు, అడవిలో ఎండుగడ్డి పేరుకుంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి బకెట్లతో నీళ్లు కుమ్మరించాల్సి వచ్చింది. ఎండలు ముదరకముందే గడ్డి కోసి, ఆకు ఊడ్చి, నిప్పు దాటలేని ఖాళీ బాటలు తీయడం అటవీ సిబ్బంది, దేవస్థానం కూలీలు చేసే పని. తిరుపతి చుట్టుపక్కల వేసవి గడ్డి కోత అంటే అదీ. పని చేసేది ఎక్కువగా కొండ కింది పల్లెలవాళ్లు. ఫిబ్రవరిలో వాళ్లు వంగి కోసిన మేరకే మేలో కొండ మీదికి కాలినడకన వెళ్లే యాత్రికుడి దారి చల్లగా ఉంటుంది. ఆ పని ముగించుకున్నాక వాళ్లూ జాతరకు ఊళ్లోకి వస్తారు, వేషం కడతారు, ఎదురొచ్చిన ఆఫీసరును కడుపారా తిడతారు.