జన్వార్‌లో మొదటి వంతు

యథార్థ గాథ

చెరువు అందామంటే నీళ్ళు లేవు. కాలువ అందామంటే పారే దారి లేదు. కళ్ళం అందామంటే నేల సమంగా లేదు. ఊరి పక్కన నున్నటి సిమెంటు దిబ్బలు, గుంతలు, వాటి అంచుల్లో బిగించిన ఇనుప గొట్టాలు. 2015 ఏప్రిల్‌లో జన్వార్ జనం ముందు నిలిచిన వింత ఇది.

మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా వజ్రాలకు ప్రసిద్ధి. సర్కారు దగ్గర కాస్త జాగా కౌలుకు తీసుకుని, గుంత తవ్వి, కంకర జల్లెడ పట్టి అదృష్టం కోసం వెతికేవాళ్ళు ఇప్పటికీ అక్కడ కనిపిస్తారు. పులుల అభయారణ్యమూ ఉంది. 2009 నాటికి అందులో ఒక్క పులీ మిగలకపోతే బాంధవ్‌గఢ్, కాన్హా అడవుల నుంచి తెచ్చి మళ్ళీ సంతతి పెంచారు. ఆ అడవి చాయల్లోనే ఉంది జన్వార్. ఊళ్ళో ఒక పక్క యాదవులు, మరో పక్క ఆదివాసీలు. మన ఆదిలాబాదులో ఉన్న గోండుల పేరే అక్కడా వినిపిస్తుంది. రెండు వాడల పిల్లలు కలిసి ఆడుకోవడం పెద్దలకు గిట్టని పని. వానలు మొహం చాటేస్తే కూలి కోసం ఊరు విడిచే కుటుంబాలూ తక్కువేం కావు.

అలాంటి చోట స్కేట్‌బోర్డు పార్కు కట్టాలన్న ఆలోచన ఉల్రికే రైన్‌హార్డ్‌ది. ఆమెది జర్మనీ. పుస్తకాలు రాసి, ప్రచురించిన మనిషి.

కాబూల్ చెప్పిన కిటుకు

ఈ ఆలోచనకు బీజం అఫ్గానిస్థాన్‌లో పడింది. 2007లో ఆలివర్ పెర్కోవిచ్ అనే ఆస్ట్రేలియా యువకుడు తన బోర్డుతో కాబూల్ చేరాడు. వీధిలో బోర్డు ఎక్కితే చాలు, పిల్లలు చుట్టూ మూగేవారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. అక్కడ ఆడపిల్ల సైకిలు తొక్కితే తప్పు, బంతాట ఆడితే తప్పు. స్కేట్‌బోర్డు తప్పని మాత్రం ఎవరూ అనలేదు. అనడానికి అదేమిటో ఎవరికైనా తెలిస్తే కదా! ఆ సందులోంచే ‘స్కేటిస్తాన్’ సంస్థ పుట్టింది.

పాత ఆటలన్నిటికీ యజమానులు ఉంటారు. మైదానంలో క్రికెట్ ఎవరు ఆడాలో, బ్యాటు ఎవరు పట్టాలో, బౌండరీ అవతల బంతి ఎవరు తేవాలో ఊళ్ళో ముందే రాసిపెట్టినట్టు ఉంటుంది. కొత్త ఆటకు ఆ బెడద లేదు. దాని మీద ఏ వాడకూ హక్కు పుట్టలేదు. జన్వార్‌కు రైన్‌హార్డ్ తెచ్చింది ఈ కిటుకే. డబ్బు కోసం పేరున్న కళాకారుల చేత స్కేట్‌బోర్డు చెక్కల మీద బొమ్మలు వేయించి వేలం పెట్టారు. చైనా కళాకారుడు ఐ వేవే కూడా వాళ్ళలో ఒకరు.

గుండు పనికిరాని పని

మన మేస్త్రీకి గోడంటే నిట్టనిలువు, నేలంటే సమం. తూకపు గుండు, రసమట్టం ఎలా చెబితే అలా. స్కేట్ పార్కులో ఆ రెండూ చాలవు, అంతా వంపుల లెక్క. ముందు మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఆ పని పైపైన చేస్తే మొదటి వానకే కింద నేల కుంగి, పైన పగుళ్ళు పడతాయి. వంపు ఎంత ఉండాలో ప్లైవుడ్ మీద గీసి కోసుకుని, ఆ చెక్కల్ని రెండు చివర్లా నిలబెట్టి, నడుమ ఊచలు వంచి కట్టాలి. కాంక్రీటు జారుగా కలిపితే వాలు మీద నిలవదు, మొత్తం అడుక్కి వచ్చి చేరుతుంది. గట్టిగా కలిపితే లోపల గుల్లలు పడతాయి.

పోశాక బద్దతో లాగి వంపు తేల్చడం ఒక ఎత్తు, తాపీ పని మరో ఎత్తు. తడి మీద తొందరపడి రుద్దితే నీరు పైకి తేలి, తర్వాత పై పొర పెచ్చులూడుతుంది. ఆలస్యం చేస్తే తాపీ కదలదు. ఆ మధ్యలో ఉన్న కాసేపట్లోనే అద్దంలా నునుపు తేవాలి. అంచున గొట్టం పిసరంత బయటికి పొడుచుకు రావాలి, అప్పుడే బోర్డు అక్కడ ఆగి నిలుస్తుంది. చివరికి తడి గోనెలు కప్పి రోజుల తరబడి నీళ్ళు పెట్టాలి. ఇంత చాదస్తం ఎందుకంటే, ఆ చిన్న చక్రాలకు శనగ గింజంత గరుకు అడ్డం వస్తే బోర్డు ఆగిపోతుంది, పైనున్న మనిషి మాత్రం ఆగడు!

దేశ విదేశాల నుంచి స్వచ్ఛందంగా వచ్చిన స్కేటర్లు జన్వార్‌లో దాదాపు 450 చదరపు మీటర్ల పార్కును ఇలా చేతులతో తీర్చారు. దానికి ‘జన్వార్ కాజిల్’ అని పేరు పెట్టారు.

రెండే షరతులు

కోచ్ లేడు, ఫీజు లేదు. బోర్డు దొరికిన వాడు ఎక్కాడు, పడ్డాడు, లేచాడు. ఒకరు పడుతుంటే చూసి మరొకరు నేర్చుకున్నారు. చాలామంది ఎక్కింది ఉత్త కాళ్ళతోనే. అయితే పార్కులో రెండు షరతులు ఉన్నాయి. బడి ఎగ్గొడితే బోర్డు లేదు. రెండోది, ఆడపిల్లలకే మొదటి వంతు.

రెండో షరతు అమలయ్యే తీరు చూడండి. దిబ్బ మీద ఒక కుర్రాడు సిద్ధంగా ఉన్నాడు. ఎడమ కాలు బోర్డు మీద, కుడి కాలు నేల మీద, చూపు కిందికి. ఇంతలో ఓ అమ్మాయి వచ్చి చెయ్యి చాపుతుంది. అంతే, కుర్రాడు దిగాలి, బోర్డు ఇచ్చేయాలి. వాడిది ఏ వాడ, ఆమెది ఏ వాడ అన్న లెక్క లేదు. ఇంట్లో అన్నం కూడా అన్నదమ్ముల తర్వాతే తినే పిల్లకు అక్కడ అడిగే హక్కు వచ్చింది. బోర్డులు తక్కువ, పిల్లలు ఎక్కువ. కాబట్టి ఈ చేతి నుంచి ఆ చేతికి రోజంతా మారుతూనే ఉండాలి. ఒకరు తాకింది మరొకరు తాకకూడదన్న పట్టింపు అలాంటి చోట ఎంతసేపు నిలుస్తుంది? బడిలో హాజరు పెరిగింది, రెండు వాడల పిల్లలూ ఒకే దిబ్బ ఎక్కారు.

పెద్దలు అంత తేలిగ్గా మెత్తబడలేదు. ఎదిగిన పిల్ల మగపిల్లల మధ్య ఈ గెంతులేమిటన్నారు. కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారన్నారు. ఈ మాటలన్నీ పడ్డ వాళ్ళలో ఆశా గోండ్ ఒకరు. ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆమెను ఇంగ్లండ్ పంపే మాట వచ్చినప్పుడు తల్లిదండ్రులను ఒప్పించడానికే నెలలు పట్టింది. 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ స్కేట్‌బోర్డింగ్ పోటీలకు భారత్ తరఫున వెళ్ళింది ఆ అమ్మాయే.

2021లో ‘స్కేటర్ గర్ల్’ సినిమా వచ్చినప్పుడు ఇది ఆశ కథేనని చాలామంది అన్నారు. దర్శకురాలు మంజరీ మాకిజానీ మాత్రం ఏ ఒక్కరి జీవితం ఆధారంగానూ తీయలేదన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, ఆ సినిమా కోసం రాజస్థాన్‌లోని ఖేంపూర్‌లో నిజం పార్కే కట్టారు. షూటింగ్ అయ్యాక కూల్చకుండా ఊరి పిల్లలకు వదిలేశారు. అదే ఏడాది టోక్యోలో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో అడుగుపెట్టింది.

జన్వార్ కష్టాలన్నీ ఈ పార్కుతో తీరిపోలేదు. వాన రాకపోతే పంట పోవడం అలాగే ఉంది, ప్రతి పిల్లా నాన్‌జింగ్ వెళ్ళదు. ఆశ మాత్రం ‘బేర్‌ఫుట్ స్కేట్‌బోర్డర్స్’ అనే సంస్థ పెట్టి, సొంత ఊళ్ళోనే తన తర్వాతి పిల్లలను నడిపిస్తోంది. బయటివాళ్ళు మొదలుపెట్టిన పని ఊరి ఆడపిల్ల చేతికి రావడానికి ఆరేళ్ళకు పైగానే పట్టింది.

కొత్త మైదానం కట్టాలనుకున్న ప్రతి ఊరూ ముందు స్థలం, నిధులు, కాంట్రాక్టరు అంటూ లెక్కలు వేస్తుంది. అక్కడ మొదటి వంతు ఎవరిదన్న మాట ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు. ఆ మాట తేల్చకుండా వదిలేస్తే, ఊళ్ళో ఎప్పుడూ ముందుండేవాళ్ళే అక్కడా ముందుంటారు. అందుకే సిమెంటు బస్తా మూతి విప్పకముందే ఆ సంగతి తేలాలి.