అమ్మ రక్తం ఎటు పోయింది?

తెల్లవారుజామున అయిదు కావస్తోంది. మక్కా మసీదు వైపు నుంచి అజా వినబడింది. ఐసీయూలో మాత్రం రాత్రీ పగలూ ఒకటే వెలుతురు, ఒకటే చలి. మూడో బెడ్ దగ్గరికి సిస్టర్ ట్రే తెచ్చింది. ట్రేలో ఊదా మూత ట్యూబ్ ఒకటి, పసుపు మూతది ఒకటి, నీలం మూతది ఒకటి. పక్కన రెండు సిరంజీలు, కాస్త దూది, పేరు రాసిన స్టిక్కర్లు.

బెడ్ మీద ఉన్నది హైదరాబాద్ గౌలిపురా నుంచి వచ్చిన 42 ఏళ్ల తల్లి. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. బీపీ పడిపోయింది, ఊపిరి అందలేదు, వెంటిలేటర్ పెట్టారు. ఎడమ మణికట్టు దగ్గర ధమనిలోకి సన్నటి గొట్టం వేసి ఉంది. ఐసీయూ వాళ్లు దాన్ని ఆర్టీరియల్ లైన్ అంటారు. బీపీని క్షణక్షణం చూపించేది అదే. మళ్లీ మళ్లీ సూది గుచ్చే బాధ లేకుండా రక్తం తీసేదీ దాని నుంచే.

సిస్టర్ లైన్ తిప్పి ముందు ఒక సిరంజీలోకి మూడు మిల్లీలీటర్లు లాగింది. గొట్టంలో సెలైన్ ఉంటుంది కనుక మొదట వచ్చే రక్తం పలచబడి ఉంటుంది, పరీక్షకు పనికిరాదు. ఆ సిరంజీ పక్కకు పోయింది. ఆ తర్వాత నీలం మూతలోకి గడ్డకట్టే పరీక్ష కోసం దాదాపు మూడు, పసుపు మూతలోకి క్రియాటినిన్, సోడియం, పొటాషియం కోసం నాలుగు, ఊదా మూతలోకి సీబీపీ (రక్తకణాల లెక్క) కోసం మూడు. ఈ ట్యూబుల లోపలి గాలి ముందే లాగేసి ఉంటుంది. మూతకు సూది తగలగానే రక్తాన్ని అదే లాక్కుంటుంది. నిండేదాకా లాగుతూనే ఉంటుంది. ఎంత తీయాలన్నది సిస్టర్ చేతిలో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, నిజానికి అది ట్యూబ్ తయారైన రోజే ఖాయమైపోయింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ గౌలిపురా అమ్మ ఫలానా మనిషి కాదు. ఆమె కొడుకూ, సిస్టరూ, డాక్టరూ నేను కథ కోసం నిలబెట్టుకున్న మనుషులు. ఆ ఆసుపత్రికి పేరు లేదు. కానీ ఆమె మణికట్టు నుంచి రోజూ వెళ్లిపోయిన రక్తం లెక్క మాత్రం యథార్థం. దేశదేశాల ఐసీయూల్లో డాక్టర్లు కొలిచి రాసిపెట్టిన లెక్క అది.

ఆ రోజు లెక్క చూద్దాం. పొద్దున మూడు ట్యూబులకూ, పారబోతకూ కలిపి 13 మిల్లీలీటర్లు. ఆరు గంటలకొకసారి ఏబీజీ, అంటే రక్తంలో ఆక్సిజన్ చూసే పరీక్ష. ఒక్కోదానికి రెండు, పారబోతకు మూడు. రోజుకు నాలుగుసార్లు అంటే 20. సాయంత్రం పొటాషియం మళ్లీ చూడాలన్నారు. నాలుగూ, మూడూ, ఏడు. మొత్తం 40. చెంచాలతో చెప్పాలంటే ఎనిమిది టీ చెంచాలు. ఇంట్లో మనిషికి ముక్కులోంచి ఇంత రక్తం కారితే ఆటో పిలుస్తాం. ఇక్కడ అది ఎవరి కంటా పడలేదు. చిన్న చిన్న ట్యూబులుగా, వేళ తప్పకుండా, మంచి ఉద్దేశంతో వెళ్లిపోయింది.

పన్నెండో రోజు పొద్దున రౌండ్స్ అయ్యాక డ్యూటీ డాక్టర్ బయటికి వచ్చాడు.

"మీ అమ్మకు హెచ్‌బీ ఆరున్నరకు పడ్డది. ఒక ప్యాకెట్ ఎక్కించాలె. దాత ఉన్నడా?"

"నేనే ఇస్త సార్," అన్నాడు కొడుకు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "సార్, వచ్చిన్నాడు పది ఉండె గదా. దెబ్బ తగల్లేదు, వాంతిల రక్తం పడలేదు. మరి అమ్మ రక్తం ఎటు పోయింది సార్?"

"ఇన్ఫెక్షన్ల అట్లనే తగ్గుతది, బేటా."

డాక్టర్ చెప్పింది అబద్ధం కాదు. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు శరీరం ఇనుమును దాచేసుకుంటుంది, మూలుగ కొత్త ఎర్రకణాలు తయారు చేయడం మందగిస్తుంది. బీపీ నిలబెట్టడానికి ఎక్కించిన సెలైన్ ఉన్న రక్తాన్ని పలచన చేస్తుంది. కానీ జవాబులో ఒక ముక్క మిగిలిపోయింది. పన్నెండు రోజులు, రోజుకు 40 చొప్పున 480 మిల్లీలీటర్లు. మధ్యలో రెండుసార్లు బ్లడ్ కల్చర్ పంపారు, ఒక్కోసారి రెండు సీసాలకు 20 చొప్పున. అంతా కలిపి 520. మన బ్లడ్ బ్యాంకుల్లో దాత నుంచి మామూలుగా తీసే సంచీ 350 మిల్లీలీటర్లు. అంటే ఒకటిన్నర సంచీ. యాభై కిలోల మనిషి ఒంట్లో ఉండే రక్తంలో దాదాపు ఆరో వంతు.

నన్ను కదిలించిన లెక్క ఇంకొకటుంది. రక్తదానానికి వచ్చిన ఆడమనిషికి హెచ్‌బీ, అంటే హిమోగ్లోబిన్, 12.5 లేకపోతే బ్లడ్ బ్యాంకు ఆమెను వెనక్కి పంపేస్తుంది. ఉంటే ఒక సంచీ తీసుకుని, మళ్లీ 120 రోజుల దాకా రావద్దంటుంది. ఆరోగ్యంగా నడిచొచ్చిన మనిషి విషయంలో మనకు ఇంత జాగ్రత్త. హెచ్‌బీ పదితో, స్పృహ లేకుండా పడుకున్న మనిషి నుంచి పన్నెండు రోజుల్లో ఒకటిన్నర సంచీ తీసుకున్నాం. అడ్డు చెప్పే రూలు ఒక్కటీ లేదు.

పైగా మన ఆడవాళ్లు ఐసీయూ గుమ్మం తొక్కేటప్పటికే రక్తహీనతతో ఉంటారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. ఈ గౌలిపురా అమ్మ ఆ సగానికి పైబడిన వాళ్లలో ఒకరు. పోగొట్టుకోవడానికి ఆమె దగ్గర నిల్వ లేదు.

రక్తం చుక్కకు ఈ ఊళ్లో ఒకప్పుడు పలికిన ధర గుర్తుకొస్తోంది. 1895లో సికింద్రాబాద్‌లో డాక్టర్ రోనాల్డ్ రాస్ మలేరియా మీద పరిశోధన మొదలుపెట్టాడు. అతనికి కావలసింది వేలి కొస నుంచి ఒక్క చుక్క. బజారు జనం దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఒక్క పోటుకు రెండు మూడు రూపాయలిస్తానన్నా చేతబడి అనుకుంటున్నారని గురువు పాట్రిక్ మాన్సన్‌కు రాసుకున్నాడు. రెండేళ్ల తర్వాత హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున తీసుకుని చేయి చాపాడు. అలా కుట్టిన దోమల్లో ఒకదాని కడుపులోనే 1897 ఆగస్టు 20న రాస్ మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ బజారు జనాన్ని తెలియనివాళ్లని తేలిగ్గా అనేస్తాం. నాకలా అనబుద్ధి కాదు. ఒంట్లోంచి చుక్క పోతోందంటే ఎందుకు, ఎంత అని వాళ్లు ఆగి చూసుకున్నారు. ఐసీయూలో ఆ ప్రశ్న అడగడానికి రోగికి నోరు లేదు, గొంతులో గొట్టం ఉంది.

ఆ ప్రశ్నను 1986లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు అడిగారు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో బ్రూస్ స్మోలర్, మార్గట్ క్రస్కల్ కేస్ షీట్లు ముందేసుకుని, పరీక్షలకు పోయిన రక్తాన్ని కూడుకుంటూ వచ్చారు. ఐసీయూలో ఉన్న రోగి నుంచి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లలో సగటున 762 మిల్లీలీటర్లు తీశారని తేలింది. ఆర్టీరియల్ లైన్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. లైన్ ఉంటే తీయడం సులువు, సులువైతే ఎక్కువసార్లు తీస్తాం. 1999లో పశ్చిమ ఐరోపాలోని 146 ఐసీయూల్లో కొలిచినప్పుడు రోజుకు సగటున 41 మిల్లీలీటర్లని వచ్చింది. మన గౌలిపురా అమ్మ లెక్క 40. దేశం మారినా అలవాటు ఒకటే.

ఇంతా తీసి ల్యాబ్‌లో వాడేది ఎంత? మిషన్ ఊదా మూత ట్యూబులోంచి పీల్చుకునేది మిల్లీలీటరులో చిన్న భాగం. మామూలు ట్యూబులో తీసినదానిలో పరీక్షకు అవసరమయ్యేది పదో వంతు కూడా ఉండదు. మిగిలిన తొమ్మిది వంతులు ఒకటి రెండు రోజులు ర్యాకులో నిలబడి, ఆ తర్వాత బయోమెడికల్ చెత్తలోకి పోతాయి. అదే వేళకు కింద బ్లడ్ బ్యాంకులో కొడుకు చొక్కా చేయి మడిచి పడుకుని ఉంటాడు. పైన అమ్మ రక్తం పారబోస్తుంటే, కింద కొడుకు రక్తం సంచీలో నిండుతుంటుంది.

దీన్ని ఆపవచ్చా అని కెనడా డాక్టర్లు గట్టిగా పరీక్షించి చూశారు. ఒటావాకు చెందిన డెబొరా సీగల్ బృందం 25 ఐసీయూలను ఎంచుకుంది. 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, చీటీలు వేసినట్టు వరుస నిర్ణయించి, ఒక్కో ఐసీయూలో ట్యూబులు మార్చుకుంటూ పోయారు. కొత్త ట్యూబ్ చూడటానికి పాతదానిలాగే ఉంటుంది. అదే పొడవు, అదే మూత, అదే మిషన్‌లో పడుతుంది. లోపలి శూన్యం తక్కువ కనుక సగమే లాగుతుంది. మధ్యలో కోవిడ్ వచ్చిపడింది, అయినా 2021 జనవరి దాకా నడిపారు. ఫలితాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. కోవిడ్ మొదటి నెలల్ని పక్కనపెట్టి 21,201 మందితో వేసిన ప్రధాన లెక్కలో ఎక్కించిన రక్తం తగ్గినట్టే కనిపించినా, అది కాకతాళీయం కాదని రుజువు కాలేదు. మొత్తం 27,411 మందినీ కలుపుకున్న లెక్కలో తేడా స్పష్టంగా కనిపించింది. వంద మంది రోగులకు దాదాపు పది సంచీల రక్తం మిగిలింది. ఇక ల్యాబ్ వాళ్లను వేధించే భయం ఒకటుంది, శాంపిల్ చాలదేమోనని. అలా చాలకపోయినవి పదివేలకు మూడు కూడా మించలేదు. ట్యూబ్ ధరా పెరగలేదు.

ఇందులో కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. పిల్లల వార్డులో ఈ జాగ్రత్త ఎప్పటినుంచో ఉంది. కిలోన్నర పసికందు నుంచి పెద్దల ట్యూబు నింపడానికి ఏ సిస్టరూ ఒప్పుకోదు. ఆ కనికరం పెద్దవాళ్ల మంచం దగ్గరికి ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ట్యూబ్ ఒక్కటే దారి కాదు. లైన్‌లోంచి మొదట లాగిన ఆ మూడు మిల్లీలీటర్లను పారబోయకుండా, బయటి గాలి తగలని గొట్టంలోనే నిలిపి తిరిగి ఒంట్లోకి పంపే ఏర్పాటున్న లైన్లు వచ్చాయి. గౌలిపురా అమ్మకు అది ఉండి ఉంటే, రోజుకు ఆరుసార్లు పారబోసిన 18 మిల్లీలీటర్లూ ఆమెకే దక్కేవి. పన్నెండు రోజులకు 216. సగం సంచీ కంటే ఎక్కువే. ఇంకా పెద్దది ఆర్డర్ల సంగతి. 'రోజూ సీబీపీ' అని మొదటి రోజు కేస్ షీట్‌లో రాసిన మాట, ఎవరూ కొట్టేయకపోతే పన్నెండు రోజులూ నడుస్తుంది. అలా తేదీల ప్రకారం కాకుండా, ఫలానా సందేహం తీరడానికే పరీక్ష రాయమని అమెరికా ఐసీయూ వైద్య సంఘాలు 2014లోనే తమ డాక్టర్లకు చెప్పాయి. నీలం మూత విషయంలో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. అందులో ముందే పోసి ఉండే ద్రవానికి తగ్గ కొలతలో రక్తం పడకపోతే రిపోర్టే తప్పు వస్తుంది. సగం నింపి ఆపేయడం పనికిరాదు, చిన్న ట్యూబే కొనాలి.

ఐసీయూ బయట కుర్చీల్లో రాత్రుళ్లు గడిపే అన్నలకూ అక్కలకూ ఒక మాట. పరీక్షలు వద్దని మాత్రం అనకండి. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు, ఏబీజీ చూడకుండా వెంటిలేటర్ సరిచేయలేరు. కానీ పొద్దున రౌండ్స్ అయ్యాక, "ఈ రోజు ఏ పరీక్షలు అవసరం సార్, అన్నీ ఒకేసారి తీయొచ్చా?" అని మెల్లగా అడగండి. అడగడం తప్పు కాదు. ఆ అడిగినందుకే ఒక్కోసారి కేస్ షీట్‌లో ఒక గీత పడుతుంది, ఒక ట్యూబ్ మిగులుతుంది.

ఆసుపత్రుల సూపరింటెండెంట్లకూ, కొనుగోళ్లు చూసే అధికారులకూ చేతులెత్తి అడుగుతున్నాను. వచ్చే నెల ట్యూబుల ఇండెంట్ రాసేటప్పుడు పెద్దల ఐసీయూకు తక్కువ రక్తం లాగే ట్యూబులు రాయండి. అవే మూతలు, అవే మిషన్లు. కెనడాలో వాటికి అదనంగా ఒక్క డాలరు కూడా ఖర్చు కాలేదు.