కార్బెట్ చేతిలోని తుపాకి

వడ్రంగిని అతని బాడిస ఒకసారి ఇమ్మని అడిగి చూడండి. ఇంట్లోని మరే వస్తువునైనా ఇస్తాడు గాని దానిని ఇవ్వడు. అంగడిలో అంతకంటె ఖరీదైన బాడిసలు లేకపోలేదు. కాని దాని బరువు ఎంతో, అది ఎంతవరకు పనికివచ్చునో, ఎక్కడ మొరాయించునో అతని చేతికి తెలుసు. పనిముట్టుపై మక్కువ అనేది ఇటువంటి తెలివిలోనుంచే పుడుతుంది.

తుపాకి విషయంలో ఈ మాట మరింత నిజము. ఉలి జారితే చెడిపోయేది కొయ్య. తుపాకి గురి తప్పితే పోయేవి ప్రాణాలు. నరభక్షకాలైన పులులను, చిరుతలను వేటాడి ప్రసిద్ధుడైన జిమ్ కార్బెట్ (1875–1955) ఎటువంటి తుపాకిని కోరుకున్నాడు? ఎందుకు కోరుకున్నాడు? ఈ చిన్న ప్రశ్నలో కొంత చరిత్ర, కొంత భౌతికశాస్త్రం ఇమిడి ఉన్నాయి.

కార్బెట్ హిమాలయాల దిగువన, కుమావూన్ కొండలలోని నైనీతాల్‌లో జన్మించినాడు. ఎనిమిదేళ్ళ వయస్సులో అతనికి మొదటి తుపాకి లభించినది. అది కుమావూన్ పక్షులను గురించి పుస్తకం వ్రాస్తున్న ఒక బంధువు ఇచ్చిన పాత జంటగొట్టాల తుపాకి. మందును, రవ్వలను గొట్టం మూతినుంచే దట్టించవలసిన రకం. ఎవరో మోతాదు మించి మందు కూరినందున కుడి గొట్టం చీలిపోయినది. విరిగిన కొయ్యపిడిని ఇత్తడి తీగతో చుట్టి కట్టినారు. ఆ బాలుడికి మిగిలినది ఒక్క గొట్టమే. ఒకసారి పేల్చిన తరువాత మరల దట్టించేసరికి ఎంతో ఆలస్యమయ్యేది. అందుచేత తొందరపడి పేల్చకూడదన్న పాఠం అతనికి ఆ చీలిన తుపాకే నేర్పినది.

మరి రెండేళ్ళకు, పాఠశాల కాడెట్ దళంలో ఉండగా, ఒక సార్జంటు మేజరు అతనికి .450 మార్టిని రైఫిలును ఎరువిచ్చినాడు. తూటాలు ఎన్నైనా ఇస్తాననీ, అయితే రైఫిలును శుభ్రంగా ఉంచి, పేల్చిన డొప్పలను తిరిగి అప్పగించాలనీ నియమం పెట్టినాడు. కార్బెట్ తన మొదటి చిరుతను కొట్టినది ఆ రైఫిలుతోనే.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చెప్పుకోవాలి. డొప్ప, మందు, గుండు కలిసినది తూటా. గొట్టంలోనుంచి వెలువడి లక్ష్యాన్ని తాకేది గుండు మాత్రమే. మామూలు తుపాకి గొట్టం లోపల నునుపుగా ఉంటుంది. రైఫిలు గొట్టం లోపల మరచుట్లవలె మెలితిరిగిన గాళ్ళు ఉంటాయి. వాటి వెంబడి వచ్చే గుండు తన చుట్టు తాను గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. తిరుగుతున్న బొంగరం ఒరిగిపోకుండ నిలిచినట్లే, తిరుగుతున్న గుండు కూడా తలక్రిందులు కాకుండ ముక్కుసూటిగా సాగిపోతుంది.

ఇక 1907వ సంవత్సరానికి వద్దాము. కుమావూన్‌లోని చంపావత్ ప్రాంతంలో ఒక ఆడపులి మనుష్యులను చంపుతూ ఉండెను. అది మొదట నేపాలులో ఈ పని ప్రారంభించి, అక్కడినుంచి తరమబడి ఇటు వచ్చినది. రెండు చోట్ల కలిపి 436 మంది దాని వాతపడినట్లు లెక్క. ఆడవారు కట్టెలకు, గడ్డికి అడవికి పోలేక, మగవారు పొలానికి పోలేక గ్రామాలు తలుపులు బిగించుకున్నవి. ఆ పులిని చంపుటకు కార్బెట్ పూనుకున్నాడు.

ఆనాడు అతని వద్ద ఉన్నది .500 కొలత జంటగొట్టాల రైఫిలు. తూటాలు మూడే. గ్రామస్థులు డప్పులతో, కేకలతో లోయలోనుంచి పులిని తరిమినారు. మూడు తూటాలు అయిపోయినవి. గాయపడిన పులి ఇంకా నిలిచి ఉన్నది. కార్బెట్ పరుగున పోయి తహసీల్దారు చేతిలోని తుపాకిని లాక్కున్నాడు. తీరా చూస్తే దాని గొట్టాలకు, వెనుక మూసే బిళ్ళకు మధ్య సుమారు ఒక సెంటీమీటరు సందు ఉన్నది! అయినా పేల్చక తప్పలేదు. దగ్గరకు పోయి, తెరచిన నోటికి గురిపెడితే గుండు కుడి పంజాకు తగిలినది. అదృష్టవశాత్తు మొదటి గాయాలతోనే పులి అప్పటికే కూలిపోవుచుండెను.

తరువాత ఆ పులి నోటిని పరీక్షించి చూస్తే ఒక సంగతి బయటపడినది. కుడివైపు కోరపళ్ళు రెండును విరిగిపోయి ఉన్నవి. పై కోర సగానికి విరిగినది, క్రింది కోర మొదలంటా పోయినది. అది ఏనాడో ఎవరో పేల్చిన గుండు చేసిన గాయము. కోరలు లేని పులి తన సహజమైన ఆహారాన్ని పట్టి చంపలేదు. అందుచేతనే అది మనుష్యుల మీద పడినదని కార్బెట్ నిర్ణయించినాడు. అనగా, గురి తప్పిన ఒక్క గుండు వెనుక 436 ప్రాణాల లెక్క ఉన్నది.

కొన్ని నెలల తరువాత నైనీతాల్‌లో జరిగిన దర్బారులో ఆనాటి సంయుక్త రాష్ట్రం లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ ఆ తహసీల్దారుకు ఒక తుపాకిని, కార్బెట్ వెంట నడిచిన గ్రామస్థునికి ఒక వేటకత్తిని బహూకరించినాడు. కార్బెట్‌కు హ్యూయెట్ బహుమానంగా దక్కినది .275 రిగ్బీ రైఫిలు. చంపావత్ పులిని చంపినందుకు గుర్తుగా ఇచ్చినట్లు దాని కొయ్యపిడిపై ఒక వెండి బిళ్ళ మీద చెక్కించినారు. ఆ రైఫిలు జీవితాంతము అతని సొంతమైనది.

ఈ రైఫిలులో విశేషమేమి? .275 అనేది గొట్టపు లోపలి వ్యాసం, అంగుళాలలో. మెట్రిక్ కొలతలో 7 మిల్లీమీటర్లు. దీని తూటా జర్మనీలో పాల్ మౌజర్ 1890 దశకం ఆరంభంలో రూపొందించిన 7 మిల్లీమీటర్ల సైనిక తూటాయే. ఇంగ్లండులోని రిగ్బీ కంపెనీ దానికి అంగుళాల లెక్కలో పేరు పెట్టుకున్నది. ఒక బోల్టును వెనుకకు లాగి ముందుకు త్రోస్తే ఖాళీ డొప్ప బయటపడి, పెట్టెలోనుంచి మరొక తూటా గొట్టంలోకి వస్తుంది.

ఈ సన్నని గుండును సాధ్యం చేసినది రసాయనశాస్త్రము. 1884లో ఫ్రాన్సు దేశీయుడైన పాల్ వియేల్ పొగలేని మందును తయారుచేసినాడు. అంతవరకు వాడుకలో ఉన్న నల్లమందు కాలితే సగానికి పైగా మసి, పొగగా మిగిలేది. పేల్చినవాడికి ఎదుట ఏమున్నదో కనిపించేది కాదు. కొత్త మందు దాదాపు అంతా వాయువుగా మారుతుంది. ఒత్తిడి హెచ్చుతుంది, గుండు వేగమూ హెచ్చుతుంది.

వేగం హెచ్చితే లాభమేమో లెక్క వేసి చూడండి. పాత మార్టిని రైఫిలు గుండు వేగం సెకనుకు సుమారు 400 మీటర్లు. 100 మీటర్లు పోవుటకు పావు సెకను పడుతుంది. ఆ కాలంలో భూమ్యాకర్షణ వల్ల గుండు సుమారు 30 సెంటీమీటర్లు క్రిందికి దిగుతుంది. .275 గుండు వేగం సుమారు 800 మీటర్లనుకుంటే, పట్టే కాలం ఎనిమిదవ వంతు సెకను. దిగేది సుమారు 8 సెంటీమీటర్లు మాత్రమే. కాలం సగమైతే పతనం నాలుగవ వంతు అయినది. లోయకు ఈవలినుంచి ఆవలి గట్టుమీది జంతువును కొట్టవలసినవాడికి దూరపు అంచనాలో పొరపాటు వచ్చినా గురి అంతగా చెడదు.

అయితే కార్బెట్ వద్ద దీనితోపాటు మరొక రైఫిలు కూడ ఉండెను. అది జెఫ్రీ కంపెనీ చేసిన .450/400 జంటగొట్టాల రైఫిలు. దాని గుండు సుమారు 26 గ్రాములు, .275 గుండు సుమారు 9 గ్రాములు. పెద్ద గుండు సెకనుకు 640 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, దాని గతిజశక్తి చిన్నదానికి సుమారు రెండింతలు. పొదలలో పది అడుగుల దూరాన ఎదురుపడిన పులిని నిలువరించుటకు అటువంటి శక్తి కావాలి. పైగా బోల్టు కదిలించే పని లేకుండ రెండవ గొట్టం వెంటనే పేలుతుంది.

మరి ఎల్లప్పుడు పెద్దదానినే ఎందుకు మోయరాదు? న్యూటన్ మూడవ సూత్రం దీనికి జవాబు చెబుతుంది. గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోవునో, తుపాకి వెనుకకు అంత ద్రవ్యవేగంతో తన్నుతుంది. మందు వాయువులను విడిచి గుండును మాత్రమే లెక్కించినచో, 3.5 కిలోగ్రాముల చిన్న రైఫిలు సెకనుకు సుమారు 2 మీటర్ల వేగంతో తన్నుతుంది. 5 కిలోగ్రాముల పెద్ద రైఫిలు 3.3 మీటర్ల వేగంతో తన్నుతుంది. భుజం భరించవలసిన శక్తి మూడున్నర రెట్లకు మించుతుంది. ఈ తన్నుకు జంకిన చేయి మీట నొక్కబోయే ముందే వణుకుతుంది. వణికిన చేయి పులిని చంపదు, కోర విరగ్గొట్టి వదలుతుంది. అంతేగాక, నరభక్షకం కోసం కొండలలో రోజుల తరబడి నడవవలసినవాడికి ఒకటిన్నర కిలోల తేడా సాయంత్రానికి చిన్నది కాదు.

1926 మే నెలలో రుద్రప్రయాగ చిరుత చచ్చినది. కేదారనాథ, బదరీనాథ యాత్రికులు నడిచే దారిలో ఎనిమిదేళ్ళలో అది 125 మందిని చంపినట్లు ప్రభుత్వపు లెక్క. కార్బెట్ రాత్రివేళ ఒక మామిడిచెట్టు ఎక్కి, రైఫిలుకు టార్చిలైటు బిగించుకుని కూర్చున్నాడు. వెలుగు పడిన క్షణంలోనే మీట నొక్కినాడు. వెంటనే టార్చి ఆరిపోయినది. గుండు తగిలినదో లేదో తెలియక చీకటిలోనే చెట్టుమీద గడపవలసివచ్చినది. మరొక గుండుకు అవకాశమే లేదు. ఆ ఒక్కటే సరిపోయినది.

తేలిక తుపాకి విలువ నిర్ధారణ అయినది 1930 ఏప్రిల్ 11న, చౌగఢ్ పులి వేటలో. ఆ రోజు కార్బెట్ ఒక తేలిక రైఫిలు పట్టుకుని ఇసుక నిండిన వాగు వెంట దిగుతున్నాడు. త్రోవలో దొరికిన రెండు పక్షిగుడ్లను ఎడమచేతిలో భద్రంగా పట్టుకున్నాడు. ఒక పెద్ద బండ దాటి వెనుకకు చూస్తే ఎనిమిది అడుగుల దూరాన పులి పొంచి ఉన్నది. రైఫిలు కుడిచేతిలో, రొమ్ముకు అడ్డంగా, పులికి విరుద్ధమైన దిక్కున ఉన్నది. అతడు చప్పున తిరుగలేదు. పులి కళ్ళలోకే చూస్తూ, ఒంటిచేత్తో, కదలిక తెలియకుండ, అంగుళమంగుళముగా దాని మూతిని ముప్పాతిక చుట్టు త్రిప్పినాడు. చేయి పూర్తిగా చాచి పేల్చినాడు. పులి అక్కడికక్కడే ప్రాణం విడిచినది.

తాను బ్రతికిన కారణాలను తరువాత అతడే లెక్కించి చూచుకున్నాడు. గుడ్లు లేకపోతే రెండు చేతులూ రైఫిలుమీద ఉండి, చటుక్కున తిరిగేవాడు. పులి దూకేది. రైఫిలు బరువైనదైతే ఒంటిచేత్తో అట్లు త్రిప్పుట గాని, చేయి చాచి పేల్చుట గాని సాధ్యమయ్యేది కాదు. గుడ్లను మరల గూటిలో పెట్టి వచ్చినాడు.

అందరికీ ఇదే ఎంపిక తగునని కాదు. మన తిరుపతి సమీపాన మామండూరు అడవులలో నరభక్షక పులి కోసం తిరిగిన బెంగుళూరు వేటగాడు కెన్నెత్ అండర్సన్ (1910–1974) ఇష్టపడినది .405 వించెస్టర్ రైఫిలు. దాని గుండు సుమారు 19 గ్రాములు. క్రిందనున్న లీవరును ఆడించి మరల మరల పేల్చవచ్చును. మన పొదల అడవులలో పులి దూరాన కనిపించుట అరుదు, దగ్గరనే ఎదురుపడుతుంది. అడవి మారితే అవసరం మారుతుంది. ఎవరి తుపాకి మంచిదన్న వాదం కంటె, ఎవరు తమ తుపాకి పరిమితిని ఎరిగి మెలగినారన్నది సరియైన ప్రశ్న.

వయస్సు పెరిగినకొద్ది కార్బెట్ తుపాకి కంటె కెమెరాను ఎక్కువగా పట్టినాడు. 1936లో కుమావూన్ అడవులలో స్థాపించిన హెయిలీ జాతీయ ఉద్యానానికి తరువాత అతని పేరు పెట్టినారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. 1973లో పులుల సంరక్షణ ప్రణాళిక ఆ ఉద్యానంలోనే ప్రారంభమైనది. నేడు వినోదం కోసం పులిని వేటాడుట మన దేశంలో నేరము.

1947లో కార్బెట్ దేశం విడిచి తూర్పు ఆఫ్రికాలోని కెన్యాకు పోయినాడు. అతని మరణానంతరం రిగ్బీ రైఫిలు అతని పుస్తకాల ప్రచురణకర్తలైన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వద్ద ఉండి, 2015లో దానిని చేసిన కంపెనీకే చేరినది.

దాని వెండి బిళ్ళ మీద కార్బెట్ పేరు, హ్యూయెట్ పేరు, చంపావత్ పేరు నేటికీ చదువవచ్చును. ఆ పులి కోరలు విరగ్గొట్టిన తుపాకి ఎవరిదో, దానిని అతడు ఎంత మక్కువతో ఎంచుకున్నాడో, పేల్చిన తరువాత వెనుకకు చూచినాడో లేదో ఎక్కడా వ్రాసి లేదు.